అడవిని ఉతికిన రోజు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఉండదు. పందొమ్మిది వందల యాభైల్లో, మద్రాసు వాషర్‌మెన్‌పేటలో, మా వంశానికంతా మొదటి బీఏని నేనే. ఆ పైన సంగీత నాటకాల చరిత్ర, వాటిని ఆడించే పద్ధతులు చదవడానికి సీటు కూడా వచ్చింది. ఆ కబురు పాలాయనకు రెండుసార్లు చెప్పాను (ఆయన ఒక్కసారీ అడగలేదు). "నాటకం సంగతి చెప్పేదానికి కాలేజీ ఎందుకురా? నేను లేనా ఈడ?" అన్నాడు తాత. ఆయన నాటక కంపెనీకి తెరల మీద బొమ్మలు రాసేవాడు. సినిమాల దెబ్బకు కంపెనీ మూతపడి, దర్బారు తెర, వీధి తెర ఎటో పోయి, అడవి తెర ఒక్కటే మా అటక మీద మిగిలింది.

దాన్ని చూడ్డానికి ఆదివారం వస్తానన్నారు మా ప్రొఫెసరుగారు. దుమ్ముపట్టిన అడవిని ఆయనకెలా చూపించను? తాత మార్కెట్టుకు వెళ్లగానే తెర దింపి, కుంకుడు రసం కలిపిన తొట్లో నానేశాను.

"సుమ్మా ఉండరా, దాని జోలికి పోబాక, తాత ఒక్కనాడూ దాన్ని ఉతకలే," అంది అవ్వ.

"అందుకే అట్టా మాసింది అవ్వా! బీఏ చదివినోణ్ణి, నాకు తెలీదా?"

"సరి సరి, నువ్వే పెద్దోడివి."

తెరల కొలతలు, చుట్టే కర్రలు అన్నీ పుస్తకంలో చదివాను. రంగుల్లో కలిపే బంక నీళ్లలో కరుగుతుందని మాత్రం చదవలేదు. నీళ్లు పచ్చబడుతుంటే, మురికి భలే వదులుతోందని ఇంకా గట్టిగా పిండాను.

తాత వచ్చేసరికి పిట్టగోడ మీంచి తెల్లటి గుడ్డ వేలాడుతోంది. సంచి కింద పెట్టి, అంచు పట్టుకుని రెండో వైపు తిప్పి చూశాడు (అడవి అటువైపైనా ఉంటుందేమోనని).

"మళ్లా రాయొచ్చు గదా తాతా," అన్నాను.

చేతులు చాపి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి. "వీటితోనా నాయనా?"

ప్రొఫెసరుగారు వచ్చి తెరేదని అడిగారు. "నేనే ఉతకమన్నా సార్. బిడ్డ మీద తప్పేం లేదు," అన్నాడు తాత. ఆ గుడ్డ ముందే నిలబడి, "ఈడ వాగు సార్. ఆడ జింక. వెనక దీపం పెడితే నీళ్లు పారతానే ఉండేవి," అంటూ వేలితో చూపించాడు. ప్రొఫెసరుగారు జోళ్లు విప్పి, ఖాళీ గుడ్డను చూస్తూ అన్నీ విన్నారు. రాసుకుందామంటే కన్నీళ్లకు నాకు చేతిలో కాగితం కనపడలేదు. ఆ ఏడే తాత పోయాడు.

ఇప్పుడు పాత తెర ఏది దొరికినా విద్యార్థులకు ముందు ఒకటే చెప్తాను: తడి వేలితో ఓ మూల తాకండి, రంగు అంటిందా, నీళ్ల జోలికి పోకండి. "మీకెంత తెలుసు సార్!" అంటారు. పంచె ఎగగట్టి సంబరంగా తెర పిండుతున్న ఆ బీఏగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.