రాహుకాలం దాటేదాకా ఆగిన కణాలు

మొన్న శుక్రవారం పొద్దున సంచీ పట్టుకుని, ఇక్కడ బర్మాలో మా పజుండౌంగ్ బజారుకు బయలుదేరబోతుంటే నా ఫోను ఉన్నట్టుండి గంట కొట్టి, రాహుకాలం మొదలైందని చెప్పింది. మా మేనకోడలు ఎప్పుడు పెట్టిందో, పంచాంగాన్ని అందులోకి ఎక్కించి పోయింది. తెలుగు నాలుగు ముక్కలు కూడబలుక్కుని మాట్లాడే పిల్లకు రాహుకాలం మాత్రం కావలసివచ్చింది. నేను ఫోను నోరు నొక్కేసి, చెప్పులు వేసుకుని వెళ్లి, వంకాయలూ చింతపండూ కొనుక్కుని నిక్షేపంగా తిరిగొచ్చాను. మన ఈడువాళ్లలో ఆ గంటన్నరకు జంకనివాళ్లు తక్కువ. నాకు ఆ జంకు ఎలా వదిలిందో చెప్పాలంటే నేను లేబొరేటరీలో పనికి కుదిరిన తొలి ఏడాదికి వెళ్లాలి.

అప్పటికే నాకు నలభై దాటింది. బోటాటౌంగ్ రేవు పక్క గోడౌనులో చేసే గుమాస్తా పని పోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, తాకేటాలో ఉండే మా బాబాయి కూతురు తను పనిచేసే చోటే నన్నూ చేర్పించింది. మా పిన్ని బర్మా ఆవిడ. చెల్లెలు పొద్దున్నే బుద్ధుడికి పూలు పెట్టి, మధ్యాహ్నం మా అమ్మ చేతి పులిహోర తిని, రెండిళ్ల మధ్యా హాయిగా పెరిగింది. తెలుగులో ఎంత చెప్పినా అర్థం చేసుకునేది కానీ మాట్లాడమంటే మాత్రం తడబడేది. బాబాయి పోయాక ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

మా పని మూలకణాలను పెంచడం. ఆ గదికి పెద్ద మా సయామా, అంటే మాకు పాఠం చెప్పి పని చేయించే టీచరమ్మ. ఆవిడ చెప్పగా నాకు బోధపడింది ఇంతే: ఒంట్లో గుండెలోని కణానికీ చర్మంలోని కణానికీ ఉండే జన్యువులు అవేనట, ఏవి మేలుకుని పనిచేస్తాయి, ఏవి నిద్రపోతాయి అన్నదాన్ని బట్టే ఒకటి గుండెగానూ ఇంకొకటి చర్మంగానూ స్థిరపడతాయట. మూలకణం ఇంకా ఏదీ కానిది, ఏదైనా కాగలిగినది. కొన్ని పెత్తందారు జన్యువులు ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటూ దాన్ని అలా నిలబెడతాయి, అవి తడబడకుండా ఉండాలంటే కణాలకు కూడుగా మేము రోజూ పోసే గులాబిరంగు మీడియంలో ఒక సున్నితమైన పదార్థం చెడకుండా ఉండాలి. అది బలహీనపడితే కణాలు తలోదారి పట్టిపోతాయి, మళ్లీ వెనక్కి రావు. మీడియం కలపడం చెల్లెలి వంతు, పోయడం నా వంతు.

చేరిన కొత్తలో నేను మీడియం పోసిన, కణాలు పెరిగే మొదటి ప్లేటుకు బూజు పట్టింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ ఏ వారం, ఏ వేళ అని ఆరా తీసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏటే, పానం ఉన్నదానికి రాహుకాలంలో కూడెడతావేటి?" అంది. కణానికి రాహువేమిటని నవ్వాను గానీ, మర్నాటి నుంచి నా కళ్లు గోడ గడియారం మీదే ఉండేవి. మిగతా రోజుల్లో చిక్కులేదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా, సరిగ్గా నేను మీడియం పోసే వేళకే వచ్చిపడేది. సయామా చెప్పిన టైముకు సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి గోరువెచ్చని నీళ్లలో పెట్టి, ఎవరైనా అడిగితే ఇంకా చల్లగానే ఉందని బొంకి, ఆ గంటన్నరా అందులోనే ఉంచి, వేళ దాటాక పోసేదాన్ని. చల్లదనం విరిగితే చాలు, నీళ్లలో నానబెట్టొద్దని సయామా చెప్పకపోలేదు. పసివాళ్లకు చద్దికూడు పెడతామా అని నా మనసుకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొద్ది వారాలకు ప్లేట్లు చెడడం మొదలైంది. గుండ్రంగా, బిగువుగా ఉండాల్సిన కణాల గుంపులు సోమవారానికల్లా అంచుల్లో చెదిరి, సాగిపోయి కనిపించేవి. మంచులో దాచిన కణాల నిల్వ తరిగి తరిగి ఒక్క సీసాకు వచ్చింది. అదీ పోతే ఆ గది మూసుకోవడమే. మీడియం కలిపేది చెల్లెలు కాబట్టి అందరి అనుమానం ఆమె మీదికే పోయింది. ఒక శనివారం సయామా మమ్మల్ని కూర్చోబెట్టి, సోమవారం నుంచి ఆమె రానక్కర్లేదని మెల్లగానే చెప్పింది. చెల్లెలు తల దించుకుంది.

బల్లమీద సయామా పుస్తకం తెరిచి ఉంది. ప్లేట్లు చెడడం మొదలైన రోజుల కింద ఎర్రగీతలు గీసి ఉన్నాయి, ప్రతిసారీ శుక్రవారం, శనివారం. ఆ రెండు రోజులకూ అర్థం ఆ గదిలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నా ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది, ఇంత చదువుకున్నవాళ్ల ముందు రాహుకాలమని ఏ నోటితో చెప్పను అనుకుంటూనే మొత్తం చెప్పేశాను.

సయామా పెన్ను తీసింది. సీసా ఎంతసేపు నీళ్లలో ఉంచానని రెండుసార్లు అడిగి రాసుకుని, ఆ వెచ్చదనానికే మీడియంలోని సున్నితమైన పదార్థం చెడిందని తేల్చింది. ఆ తర్వాత కళ్లజోడు తీసి, "నేను బుధవారం మధ్యాహ్నం పుట్టాను. మా బర్మావాళ్ల లెక్కలో ఆ పూట రాహువుది. నువ్వు రాహువును తప్పించుకోవాలంటే ముందు నన్ను తప్పించుకోవాలి" అని పకపకా నవ్వింది. నవ్వు ఆగాక లేచి వెళ్లి, చెల్లెలి చేతులు పట్టుకుని, అందరి ఎదుటా క్షమించమంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ పూటే మైక్రోస్కోపు కింద, చెదరని గుంపుల నడిమి ముక్కలు ఏరి కొత్త ప్లేటులో పెట్టాం. మరుసటి శుక్రవారం పదకొండు గంటలకు, నడి రాహుకాలంలో, బల్లమీదే చల్లదనం విరిగిన మీడియాన్ని నేనే పోశాను. సోమవారానికి గుంపులు గుండ్రంగా, అంచు చెదరకుండా ఉన్నాయి. కొన్నాళ్లకు రంగు వేసి చూస్తే ఆ పెత్తందారు జన్యువులు పనిచేస్తున్న గుర్తుగా ప్లేటంతా ఆకుపచ్చగా వెలిగింది. అన్నేళ్ల బతుకులో నా గుండె అంత తేలికపడడం అదే మొదలు.

ఆ సాయంత్రం బస్సులో తాకేటా దాకా చెల్లెలితో వెళ్లాను. వంతెన మీద బస్సు ఆగినప్పుడు ఆమె కిటికీలోంచి చూస్తూ, "అక్కా, నీళ్లల్ల సీసా నాను సూసినాను. మొదటి వారమే. నువ్వే సెప్తావని ఊరుకున్నా" అంది. నేను చెప్పకపోయి ఉంటే ఆమె సోమవారం నుంచి ఇంట్లో కూర్చునేది, నా పేరు మాత్రం ఎత్తేది కాదు.

ఇప్పుడు వేడికి తట్టుకునే మీడియం వచ్చిందట, శని ఆదివారాలు కణాలను చూడకపోయినా ఫరవాలేదట. ఆ గదిని ఇప్పుడు నడిపేది చెల్లెలే. తన కింద పనిచేసే పిల్లలు ఎవరి పొరపాటు కనబడినా వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెట్టేస్తారని చెబుతుంది. పనికి అదే మంచిది, ప్లేట్లు బతుకుతాయి. కానీ నా తప్పు తన మెడకు చుట్టుకున్నా నా నోటితోనే నేను చెప్పుకునేదాకా ఆగిన మనిషి, ఆ తర్వాత ఈ ఊళ్లో నాకు ఇంకొకరు తారసపడలేదు.