కాయిదం మీద పదిహేనేండ్లు

ఈ మధ్య మా ఇంట్లో నా చాయ్‌లో చక్కెర వేయడం మానేశారు. బోధన్ వైపు చెరుకు చేలల్లో పెరిగినవాడికి ఇది పెద్ద శిక్షేమీ కాదు, చిన్న యావజ్జీవం, అంతే. కారణమేమిటయ్యా అంటే డాక్టరు చీటీ మీద నా వయసు ఎనభై దాటిందని రాసి ఉంది. ఆ సంగతి ఆయనకెవరు చెప్పారు, నా పుట్టినరోజు జూలై ఒకటి అని తేల్చింది మా బడి పంతులు, ఆయన దయవల్ల మా తరగతిలో సగం మందిమి ఆ రోజే పుట్టాం అని నేను వాదనకు దిగితే, మనవరాలు చాయ్ సంగతి వదిలేసి వయసుల సంగతి పట్టుకుంది.

ఆ పిల్ల కొన్నాళ్లుగా కంప్యూటర్‌లో మా వంశవృక్షం తయారు చేస్తోంది. పాత ట్రంకు పెట్టె బోర్లించి కాగితాలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది. "మన ఇంట్ల ఆడోళ్లందరికీ సరిగ్గా పదిహేనేండ్లకే పెండ్లయిందా తాతా?" అని అడిగింది. చూస్తే నిజమే. మా అవ్వకు, అంటే అమ్మకు, పదిహేను, మేనత్తకు పదిహేను, చెల్లెకు పదిహేను. అవ్వ పెళ్లినాటికి నిజాం ఇలాకాలో పెళ్లి వయసుకు చట్టం ఉందో లేదో నాకు తెలియదు గాని, ఆమె మాత్రం ఎవరడిగినా పదిహేనే చెప్పేది. ఆ అంకె చెబితే రెండో ప్రశ్న రాదని తర్వాతి రోజుల్లో కనిపెట్టిందనుకుంటాను.

మన తరం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. డెబ్బై ఎనిమిదిలో పద్దెనిమిదికి పెంచేదాకా ఆడపిల్ల పెళ్లికి సర్కారు అడిగింది పదిహేనేళ్లే. కాబట్టి ఆనాటి కాగితంలో పదిహేను కనబడితే అది పిల్ల వయసు కాకపోవచ్చు, చట్టం వయసు కావచ్చు. ఈ ముక్క మనవరాలికి గంభీరంగా బోధించి, పెద్దరికం నిలబెట్టుకుని లేచిపోదామనుకుంటే, చెల్లె దగ్గరికి వచ్చేసరికి నాకే తికమక మొదలైంది.

చెల్లె పెళ్లి 1962 ఎండాకాలంలో జరిగింది. అప్పటికి ఆమెకు బడి రిజిస్టరు ప్రకారం పన్నెండు, పెళ్లి కాగితం ప్రకారం పదిహేను. ఇక అవ్వ లెక్కకు క్యాలెండరు అక్కర్లేదు. "రజాకార్ల గడ్‌బడ్‌ల జొన్నచేన్ల దాసుకున్నప్పుడు గిది నా కడుపుల ఉండె" అనేది. ఆ లెక్కన పదమూడు. మనవరాలు మాత్రం కాగితాన్నే నమ్మింది. తేదీ ఉంది, పిల్ల తండ్రిగా మా బాపు వేలిముద్ర ఉంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఇంకేం కావాలంది. ఆ ముత్యాలు నావి.

అప్పుడు నేను నిజామాబాదులో బి.ఏ. చదువుతూ, కోటగిరి పక్కన మా ఊరికి సెలవులకు వచ్చి ఉన్నాను. చదువుకున్నవాడు ఊరికి వస్తే ఎవరికో ఒకరికి ఏదో ఒకటి బోధించక మానడు. నాకు దొరికింది చెల్లె. పదిహేను నిండనిదే పెళ్లి చేయకూడదని చట్టముందని ఆమెకు చెప్పాను. ఏడు పాసై, ఎనిమిదికి పోతానని పాత పుస్తకాలు సంపాదించి అట్టలు కూడా వేసుకున్న పిల్ల. అప్పటికే సంబంధం ఒకటి ఇంటి చుట్టూ తిరుగుతోంది. "నిజమేనా అన్న? సర్కారే అద్దన్నదా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. ఇంకో రెండేళ్ల దాకా తన జోలికి ఎవరూ రాలేరని ఇరుగుపొరుగు ఆడపిల్లలందరికీ చెప్పుకుని వచ్చింది.

పెళ్లికొడుకు మేనమామ పట్నంలో ఏదో ఆఫీసులో పనిచేసేవాడు, జాగ్రత్తపరుడు. రేపు ఎవరన్నా అర్జీ పెడితే చేతిలో ఉండాలని, పిల్ల వయసు రాసి ఒక కాయిదం ఇమ్మన్నాడు. బాపు నన్ను పిలిచాడు.

"సర్కారుకు ఎన్నేండ్లు గావాల్నట రా?"

"పదిహేను, బాపు."

"గంతేనా. అయితే గదే రాయి."

బాపుకు చట్టమంటే ఎంతో గౌరవం. అడిగినంత ఇచ్చేశాడు. రాయనని నేను అని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను, అనలేదు కాబట్టి. రాశాను. రాసి ఊరుకోకుండా, ఒక్క కలంపోటుతో చెల్లె రెండేళ్లు పెరిగింది, చెరుకు కూడా ఇంత తొందరగా పెరగదు అని ఒక జోకు కూడా వేశాను. బాపు నవ్వాడు, మేనమామ నవ్వాడు. ఆ మేనమామకు మంచినీళ్ల చెంబు తెచ్చి చెల్లె గడపలో నిలబడి ఉంది. ఆమె నవ్విందో లేదో ఎంత ఆలోచించినా నాకు గుర్తుకు రావడం లేదు. అట్టలు వేసిన పుస్తకాలు పక్కింటి పిల్లకు పోయాయన్నది మాత్రం గుర్తుంది.

ఇప్పుడు పిల్లకు పేరు పెట్టకముందే పుట్టిన కాగితం చేతికొస్తోంది. నిమిషాలతో సహా రాసి ఇస్తున్నారు. వయసుల విషయంలో మా రోజుల్లో ఉన్న వెసులుబాటు ఇప్పుడు లేదని ఒక్కోసారి ముచ్చటగా చెప్పుకుంటాం. ఆ వెసులుబాటంతా కలం పట్టినవాడిదేనని మాత్రం ముచ్చట్లలో రాదు.

మనవరాలు ఊరుకోలేదు. బతికి ఉన్న మనిషిని అడగకుండా కాగితాలతో కొట్లాట ఎందుకని చెల్లెకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. నేను మూడు వయసులూ వివరించాను, చట్టం వివరించాను, జూలై ఒకటి జోకు కూడా చెప్పాను. చేతిలో రుజువున్నది పదిహేనుకే గనక, వంశవృక్షంలో ఏది రాయమంటావో నువ్వే చెప్పమన్నాను. చెల్లె అంతా విన్నది.

"అయిపోయిందా అన్న? గప్పుడు నాకు పదమూడు. నీకు ఇరవై. గవి రెండూ రాయి."