బేకరీ అక్క జారిపడిన కథ

బేకరీ అక్క తరచూ బాత్రూంలో జారిపడేది. పెదవి చిట్లినా, కన్ను వాచినా, చెయ్యి కట్టుతో మెడకు వేలాడినా ఆమె చెప్పేది అదొక్కటే. వీధి వీధంతా నమ్మినట్టు నటించేది. ఆ బాత్రూం నిజంగా అంత నున్నగా ఉంటే దాన్ని కట్టిన మేస్త్రీని పట్టుకుని తన్నాలి. కట్టిందీ కొట్టిందీ ఒక్కడే, ఆమె మొగుడు మీసాల మేస్త్రీ.

తలుపు గడియ పడ్డాకే అతని చెయ్యి లేచేది. బయట మాత్రం భార్యను పువ్వుల్లో పెట్టి చూసుకున్నట్టు ఉండేవాడు. "నలుగురిలో నా పరువు తియ్యడు కదా" అన్న ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నేళ్లు కాపురం ఈడ్చుకొచ్చింది. ఆ మాట వింటే వేరే ఊళ్లో ఉంటున్న కూతురికి ఒళ్లు మండేది.

ఎక్కువ బస్తాలు వాడించిన మేస్త్రీలను భార్యలతో సహా విదేశం తిప్పుతామంది సిమెంటు కంపెనీ. బయల్దేరే ముందు కూతురు తల్లిని నిలదీసింది. నాన్న నలుగురిలో కొట్టిన రోజున నా దగ్గరికి వచ్చేస్తావా అని అడిగింది. వచ్చేస్తానని ఆమె తేలిగ్గా మాటిచ్చేసింది. అలాంటి రోజు రాదని ఆమె ధీమా.

ఆ దేశంలో ఓ పూట వాళ్లను కుండలు చేసే షెడ్డుకు తీసుకెళ్లారు. రాతి బల్లలు, కరెంటుతో తిరిగే చక్రాలు, గోడ పొడవునా పచ్చి కుండల అరలు. మోచేతుల దాకా మట్టి అంటిన ఓ ముసలి కుమ్మరామె తలా ఒక ముద్ద ఇచ్చింది. కంపెనీ పంపిన గైడు అమ్మాయి ఆవిడ మాటలు తెలుగులో చెబుతోంది.

బేకరీ అక్క ముద్దను మడతపెట్టి నొక్కింది, మళ్లీ మడతపెట్టింది. రోజూ బస్తాల పిండి పిసికే చేతులకు వేరే విద్య రాదు మరి. కుమ్మరామె వచ్చి తీగతో ఆ ముద్దను రెండుగా కోసి చూపించింది. లోపలంతా బొక్కలే. రొట్టెకు గాలి కావాలి, మట్టికి పనికిరాదు, బట్టీలో పగిలిపోతుందట.

"ఎత్తి బల్లకేసి కొట్టమంటోందమ్మా. గాలంతా పోయేదాకా కొట్టాలట" అంది గైడు.

కొట్టమని ఆమెతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మొదట జోకొట్టినట్టు వేసింది. కుమ్మరామె అడ్డంగా తలూపింది. ఈసారి బల్ల అదిరింది. ఆపైన ఆమెకు ఊపొచ్చింది. ఇది పెదవి చిట్లిన నాటిది. ఇది గరిటెతో వీపు చీరిన నాటిది. ఇది రెండో బిడ్డను కడుపులోనే పోగొట్టుకున్న నాటి తన్ను. దానికి మాత్రం పళ్లు బిగించి రెండుసార్లు కొట్టింది. ఎంత హాయిగా ఉందంటే ఆమెకే నమ్మకం కలగలేదు.

అవతల మేస్త్రీ నాకు మట్టి కొత్తా అంటూ గచ్చుకు కలిపినట్టు నీళ్లు గుమ్మరించాడు. చక్రం తిరగ్గానే ముద్ద జావైపోయి మీసాల నిండా చిమ్మింది. తోటి మేస్త్రీలు పడీ పడీ నవ్వారు. మీ ఇంటి గోడలు వదినే కట్టిందా ఏంటని ఒకడు ఎగతాళి చేశాడు.

మేస్త్రీ సరాసరి భార్య దగ్గరికి వచ్చాడు. "ఎవర్ని చూసుకునే నీకీ బాదుడు?" అని చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె తల వెళ్లి అరకు కొట్టుకుంది. పచ్చి కుండలు జారి నేలన చితికాయి. చెవి గుయ్యిమంది, నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అందరూ చూశారు. ఒక్కడూ కదల్లేదు. ఒకాయన ఫోను తీసి అందులో తల దూర్చాడు.

ఇన్నేళ్లు పట్టుకున్న ఆ ఒక్క మాటా చేజారిపోయిందని ఆమెకు అర్థమైంది. దెబ్బ కన్నా అదే ఎక్కువ మండింది. మేస్త్రీ మళ్లీ చెయ్యెత్తాడు. ఆమె ఎడం చేత్తో అతని మణికట్టు ఒడిసి పట్టి, బల్ల మీదికి లాగి నొక్కేసింది. వదలమన్నాడు. ఆమె కుడి చేత్తో ముద్ద ఎత్తి ఆ వేళ్ల మీద వేసి కొట్టింది. ఎండు పుల్లలు విరిగినట్టు చప్పుడైంది.

మేస్త్రీ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె ముద్ద మళ్లీ ఎత్తేసరికి వద్దన్నట్టు చూశాడు. ఆ చూపు ఆమె ఎన్నోసార్లు అద్దంలో చూసినదే. అయినా కొట్టింది.

ఆస్పత్రిలో డాక్టరు విరిగిన వేళ్లను తిప్పి చూసి, ఇదెలా జరిగిందని అడిగింది. గైడు ఆ ప్రశ్న తెలుగులో చెప్పింది. మేస్త్రీ నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"బాత్రూంలో జారిపడ్డానని చెప్పు."

గైడు బేకరీ అక్క వైపు చూసింది.

"జారలేదమ్మా, నేనే కొట్టాను. అలాగే చెప్పు. ఎందుకు కొట్టానో కూడా చెప్పు" అని ఆమె వాచిన చెంపను దీపం వైపు తిప్పింది. "చెప్పాక మా అమ్మాయికి ఫోను కలుపు. వచ్చేస్తున్నానని చెప్పాలి."