మొగిలమ్మ తలుపు

మొగిలమ్మ వయసంతా హన్మకొండలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది. వంటింటి మూలే ఆమె పడక. తలుపు లేదు. ఉప్పు కావాలన్నా, మంచినీళ్లు కావాలన్నా పిల్లలు ఆమెను దాటుకుంటూ వచ్చేవాళ్లు. అందుకే రిటైరయ్యాక, 1981లో, మట్టెవాడలో మా సొసైటీ బిల్డింగు పై అంతస్తులో ఒంటిగది కొనుక్కుంది. మొదటి రోజంతా తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి మురిసిపోయింది. కింది వాటాలో ఉన్న మాకు ఆ చప్పుడుకు తల దిమ్మెక్కిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్లు! అన్నీ తలుపు మూస్తే పడిపోయే తాళాలు. ప్రతి గదికీ రెండో తాళంచెవి మా సెక్రటరీ వెంకట్రాజం దగ్గర ఉండేది. ఆ పెద్దమనిషికి నీళ్ల నల్లాల పిచ్చి. ఎవరో నల్లా కట్టేయలేదని అనుమానం వస్తే చాలు, పిలుపూ లేదు, దగ్గూ లేదు, తాళం తీసుకుని లోపలికి! మొగిలమ్మకేమో లోపలి గడియ వేసే అలవాటే లేదు. ఒకనాడు ఆమె స్నానం చేసి చీర కట్టుకుంటుండగా వచ్చేశాడు.

"ఇదేంది సారూ! జర పిలువరాదా?"

"సొసైటీ రూలమ్మా. నల్లాలు చూసుడు నా డ్యూటీ."

"నల్లా నీదే అనుకో. తలుపు నాది. పిలువకుంట రావద్దు!"

ఆదివారం మీటింగులో అందరి ముందూ అదే మాట అంది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. వెంకట్రాజం ముఖం మాడ్చుకుని ఆ రెండో తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇగ ఎవ్వలు రారు తియ్యమ్మా."

అన్నంత పనీ అయింది. వెంకట్రాజం భార్య సుగుణ పచ్చడి అడగడానికి రావడం మానేసింది. మిగతావాళ్లు "ఆమెతోని మనకెందుకు లొల్లి" అనుకుంటూ తప్పుకుపోయేవారు. నాకా, బడి ఉద్యోగం, ఇల్లు. ఏ పండక్కో మెట్లెక్కేదాన్ని. పాపం, తలుపు బార్లా తెరిచి గడపలో కూర్చున్నా ఆమెను పలకరించే దిక్కు లేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం పైనుంచి నీళ్ల చప్పుడు. ఎంతకీ ఆగలేదు. నీళ్లు మెట్ల మీదుగా మా గుమ్మంలోకి వచ్చాయి. వెంకట్రాజం పరుగున పైకెక్కాడు, వెనకే నేను. మొగిలమ్మ తలుపు తెరిచే ఉంది, నీళ్లు ఆ గదిలోంచే. లోపల స్టవ్ మీద చాయ్ మరుగుతోంది, పక్కన రెండు కప్పులు. ఆయన గడప దాటలేదు, పిలవనూ లేదు. డాబా మీదికి వెళ్లి ట్యాంకు వాల్వు కట్టేసి దిగిపోయాడు. ఛీ, ఏం మనిషో!

నేను లోపలికి వెళ్లాను. మొగిలమ్మ ఆగిపోయిన నల్లా వైపు చూస్తూ కూర్చుంది.

"గిన్ని నీళ్లు ఇడిసినా నువ్వు తప్ప ఎవ్వలు లోపలికి రాకపాయె బిడ్డా," అంది.

కళ్లు తుడుచుకుని, కొంగుముడి విప్పి, ఆ రెండో తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నీ దగ్గరుంచుకో. పిలువకుంటనే రా."