మల్బరీ తోటలో ఎర్త్ కడ్డీ

అరవైల మొదట్లో, ఏప్రిల్ చివర, ఉదయం ఆరున్నరకు పెనుకొండలో రైలు దిగాం. మిలిటరీ సిగ్నల్ దళం వాళ్లం: హవల్దారు, ఆపరేటరు, లాన్స్ నాయక్‌గా నేను. సామాను: తీగ చుట్టలు ఆరు, బ్యాటరీలు రెండు, ఎర్త్ కడ్డీ ఒకటి, చెక్కపెట్టెలో రిలే. మాది పరిగి. సొంత సీమలో డ్యూటీ పడిందని నాకు కాస్త గర్వంగానే ఉండింది.

ఆర్డరు ఇది: హిందూపురం నుంచి వచ్చే టెలిగ్రాఫు తీగను ధర్మవరం నుంచి మా దళం వాళ్లు అప్పటికే వేసుకొచ్చిన తీగతో కలపాలి. రెండు రోజులు తప్పు లేకుండా సందేశాలు పోతే నాకు మెకానిక్ గ్రేడు. లేకపోతే మళ్లీ తీగ చుట్టలు మోయడమే.

హిందూపురం తీగలో ఎనభై వోల్టులు. మా సెట్టుకు ఇరవై నాలుగే. నేరుగా కలిపితే మాడిపోతుంది. అందుకే రిలే. అటు నుంచి మోర్స్ సంకేతంలోని చుక్క వస్తే లోపలి తీగచుట్ట అయస్కాంతమై చిన్న ఇనుప నాలుకను లాగుతుంది. ఆ నాలుక ఇటు కాంటాక్టును తాకి, మా బ్యాటరీతో అదే చుక్కను మళ్లీ పలికిస్తుంది. కరెంటు దాటదు, కబురే దాటుతుంది. హిందూపురంలో కన్నడ షావుకారుకూ తెలుగు రైతుకూ నడుమ మాట చెప్పే దళారిలాగా. మూత తీసి ఎంతసేపు చూసినా నాకు తనివి తీరేది కాదు.

రెండు వైపులా ఒక్కో తీగే. కరెంటు తిరిగి వెళ్లేది నేలలోంచి. చుట్టూ ఎండిన బండనేల. స్టేషను కుళాయి పక్కన ఒక్కటే తడి. అక్కడ హిందూపురం తీగ వాళ్ల ఎర్త్ కడ్డీ ఉంది. దాని పక్కనే మాదీ దించాను. "మా నేల నాకు తెలీదా సార్" అని హవల్దారుతో అన్నాను కూడా.

తొమ్మిదింటికి స్టేషను ఫోనులో ధర్మవరం ఆపరేటరు: "ఒక చుక్కకు రెండు వస్తున్నాయి. ఎవరయ్యా అక్కడ?"

హవల్దారు నన్ను చూశాడు. మీటరు తీసి నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మా బ్యాటరీ ఊడదీశాను. మీటరు ఒక కొస కడ్డీకి, ఇంకో కొస దూరంగా కొట్టిన మేకుకు పెట్టాను. ముల్లు ఎగురుతూనే ఉంది! వాళ్ల కరెంటు తడి మట్టిలోంచి మా కడ్డీలోకి దూరుతోంది. పైన అంత జాగ్రత్తగా విడదీసినవాటిని కింద నేనే కలిపేశాను.

ఇంకో తడి నేల కోసం వెతికితే, అర మైలు అవతల ఒక మల్బరీ తోట కనిపించింది. తీగ అక్కడిదాకా లాగి కడ్డీ దించబోయాను. పట్టుపురుగులు పెంచే ముసలమ్మది.

"ఏమప్పా, ఆ ఇనుము యాడ గుచ్చుతాండావు? కరెంటు పారితే నా పురుగులు సావవా?"

కడ్డీని ఉత్త చేత్తో పట్టుకుని చూపించాను. "ఏమీ కాదవ్వా. మన్ను మాత్రం ఆరకూడదు. రోజుకు నాలుగు కడవలు పోయాల."

"బాయిలో నీళ్లు అడుగంటినాయి. సరేలే, మన పిల్లోడివి. రైలు కూసినప్పుడల్లా పోస్తా."

పదకొండున్నరకు ధర్మవరం పలికింది: "ఇప్పుడు శుభ్రంగా ఉంది." రెండు రోజులూ ఒక్క చుక్క తప్పలేదు. గ్రేడు వచ్చింది. మూడో రోజు లైను తీసేసి మమ్మల్ని తాడిమర్రి వైపు పంపారు. ఆ సంబరంలో కడ్డీ సంగతి మరిచిపోయాను.

తొమ్మిది రోజులకు కడ్డీ పీకడానికి వెళ్లాను. దాని చుట్టూ మన్ను తడిగా, నల్లగా ఉంది. పక్కన రెండు సాళ్ల మల్బరీ ఎండిపోయి ఉంది.

"లైను ఎప్పుడో తీసేసినారవ్వా. ఇంకా పోస్తాండావా?"

"నువ్వు సాలని సెప్పలేదు కదప్పా."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సెలవు మీద పరిగికి వెళ్లినా ఆ గ్రేడు మాట ఇంట్లో గొప్పగా చెప్పుకోలేదు. ఇప్పటికీ మిలిటరీలో ఏం చూశావని ఎవరడిగినా నాకు ముందు కనబడేది ఆ తోటే: ఎండిన సాళ్ల పక్కన, ఏ తీగా లేని కడ్డీ చుట్టూ, అప్పుడే పోసిన కడవెడు నీళ్లు.