దేవదానం సారుకు అందని బస్సు

దేవదానం సారుకు జీవితంలో చేతకాని పని ఒక్కటే: ఐదు గంటల బస్సెక్కడం.

అలాగని ఆయన ఆలస్యం మనిషి కాదు. నంద్యాలలో చర్చి ఆవరణలో ఉన్న ఆ చిన్న బడిలో ఆయన గేటు దాటడం చూసి ప్యూను గంట కొట్టేవాడు. ఆయనకు జ్వరమొచ్చిన రోజున బడి పది నిమిషాలు ఆలస్యంగా మొదలైందట. పెళ్లిళ్లకైతే పెళ్లికొడుకు కంటే ముందే చేరి, షామియానా వేసేవాళ్లకు సలహాలిచ్చేవాడు. కానీ ఏటా ఫిబ్రవరిలో రెండో తరగతి పిల్లల్ని ఆళ్లగడ్డకు, అక్కడినుంచి అహోబిలం దారిలోని చెంచు గూడేనికి తీసుకుపోయిన రోజున మాత్రం, సాయంత్రం గూడెం ముందు ఆగే ఐదు గంటల బస్సు ఆయనకు ఒక్కసారీ అందలేదు. డెబ్బై ఆరు నుంచి ఎనభై రెండు దాకా వరసగా ఏడేళ్లు. తరువాతి బస్సు ఎనిమిదిన్నరకు.

మనుషులు ప్రయాణాలెందుకు చేస్తారో చెప్పే పుస్తకాలు లోకంలో బండెడున్నాయి. బస్సులెందుకు తప్పిపోతాయో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటును దేవదానం సారు తన సంజాయిషీలతో తీర్చాడు. ఒక ఏడు మేక హాజరుపట్టీ నమిలేసినందున, ఎవరెవరు వచ్చారో గుర్తు చేసుకోవలసి వచ్చింది. మరో ఏడు లెక్కపెడితే ఒక పిల్లవాడు ఎక్కువయ్యాడు. ఆ ఎక్కువవాడు ఎవరో తేలేలోపు బస్సు వెళ్లిపోయింది.

"ఏందప్పా దేవదానం, ఆ బస్సుకు నీ మీద పగేమన్నా ఉండాదా?" అన్నాడు హెడ్మాస్టరు సుందరరాజు, ఏడో మెమో చేతికిస్తూ.

"పగ గాదు సార్, సిగ్గు. నన్ను చూస్తే నిలబడదు."

ఎనభై మూడులో లూదియా ఆ బడిలో కొత్త టీచరుగా చేరింది. ఇరవై రెండేళ్లు, చేతికి కొత్త గడియారం. సుందరరాజు ఆమెను పిలిచి, "పిల్లోల్లను ఆయప్ప చూసుకుంటాడు. బస్సును నువ్వు చూసుకో" అన్నాడు.

ప్రయాణం రోజు పొద్దున ఆళ్లగడ్డలో శిల్పుల పాక ముందు పిల్లలు రాతిపొడిలో చతికిలబడ్డారు. ఉలి దెబ్బ పడినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్న ఇందుమతి అనే పిల్ల, ముసలి శిల్పిని అడిగింది. "తాతా, బొమ్మకు నొప్పి పుట్టదా?"

"పుడ్తాది పాపా. అందుకే కండ్లు ఆఖర్న చెక్కేది. ఎవుడు కొట్టినాడో తెలీకుండా."

మధ్యాహ్నానికి గూడెం చేరారు. ఈదమ్మ అనే ముసలి చెంచు స్త్రీ పిల్లలకు వెదురు చీల్చి బుట్ట అల్లడం చూపించింది. అల్లికలోకి ఎర్రరంగు బద్ద ఎక్కడ దూర్చితే పాము మెలిక వస్తుందో చూపించింది. పిల్లలు మాత్రం కథ చెప్పమని ఆమెను వదల్లేదు.

"దీపం పెట్టనీ" అని ఒక్కటే మాట ఆమెది.

నాలుగూముప్పావుకు దేవదానం సారు పని మొదలుపెట్టాడు.

"ఒక పిల్లోడు తగ్గినాడే."

"ముప్పై ఒక్క మందీ ఉండారు సార్. రెండుసార్లు లెక్కపెట్టినా" అంది లూదియా.

"నా కండ్లద్దాలు యాడ పోయె?"

"మీ ముక్కు మీదనే ఉండాయి సార్."

ఆయన ముక్కు తడుముకొని, దొరికిపోయినవాడిలా చూశాడు. ఆయన మరో సాకు వెతుక్కునేలోపే లూదియా రోడ్డు మధ్యకు వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడింది. బస్సు ఆగింది. కండక్టరు గురుస్వామి తల బయటికి పెట్టి, "సారు గూడా ఎక్కుతాడా?" అన్నాడు నమ్మకం లేనట్టు.

అందరూ ఎక్కారు. ఈదమ్మ గడ్డలు ఉడుకుతున్న కుండ మీది మూత చేత్తో పట్టుకొని గుడిసె ముందు నిలబడిపోయింది. మలుపు తిరిగేదాకా దేవదానం సారు వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

నంద్యాలలో దిగితే బస్టాండులో ఒక్క తల్లీ తండ్రీ లేరు. ఆ బస్సులో పిల్లలొస్తారని ఊళ్లో ఎవరికీ నమ్మకం లేదు మరి.

మరునాడు సుందరరాజు అందరి ముందూ లూదియాను మెచ్చుకున్నాడు. ఏప్రిల్లో దేవదానం సారు రిటైరయ్యాడు. ఆ వానాకాలం ఈదమ్మ పోయింది.

ఆ కబురు లూదియాకు చెప్పింది గురుస్వామే, కోయిలకుంట్ల బస్సులో.

"ఆ పొద్దు సారును ఎక్కించి ఎంత పని చేస్తివమ్మా. 'నేను బస్సెనక పరిగెత్తుతా, నువ్వు మాత్రం నిలపొద్దు' అని ఏటా నాకు ముందే చెప్తాండె ఆయప్ప."

"ఎందుకన్నా?"

"ఆ ముసిలామె పొద్దుగూకంది కథ ఎత్తుకోదు. పగలు చెప్తే తేనెకు పోయినోల్లు అడివిలో దోవ తప్పుతారని ఆమె పట్టింపు. పొద్దుగూకినాక ఆడ ఉంటామంటే మీ హెడ్మాస్టరు ఒప్పుతాడా? చెంచోల్ల గుడిసెలో పిల్లోల్లు తింటారంటే ఊర్లోవోల్లు ఒప్పుతారా? అడిగితే వద్దంటారు. ఆ మాట ఎట్లోగట్ల ఆమె చెవిన పడ్తాది. అదే బస్సు తప్పిపోతే, ఎవురూ వద్దన్నట్టు గాదు గదా."

ఆ ముప్పై ఒక్క మందికి తాను తినిపించనిదేమిటో, వినిపించనిదేమిటో లూదియాకు అప్పుడు అర్థమైంది. కనీసం కథైనా తెచ్చి చెప్పాలని పాత విద్యార్థుల వెంట పడింది. ఒకడికి జింక గుర్తుంది. ఒకడికి ఆ పూట తిన్న గడ్డలు గుర్తున్నాయి. మొత్తం కథ ఎవరికీ గుర్తులేదు. చివరికి దేవదానం సారు ఇంటికే వెళ్లింది.

"తప్పు చేసినా సార్. మీరన్నా ఆ కథ చెప్పండి. పిల్లోల్లకు నేను చెప్తా."

"నాకేం తెలుసమ్మా?"

"ఏడేండ్లు విన్నారు గదా?"

"యాడ విన్యా? ఆ గుడిసె ఎంతుండాదని? నేను లోపల కూచుంటే ఇద్దురు పిల్లోల్లు బయట కూచోవాల. నేను వాకిట్లో కూచోని, ఈసారి మీ హెడ్మాస్టరుకు ఏం రాయాల్నా అని తల గోక్కుంటాంటి."

లూదియా తల వంచుకుంది. అది చూసి ముసలాయన కంగారుపడ్డాడు.

"ఒకటి మాత్రం చెప్పగలను. కథలో మూడు తావుల పిల్లోల్లు నవ్వుతారు. మొదుటిది చిన్న నవ్వు. రెండోదానికి ఈదమ్మ గూడా నవ్వుతాది. ఇంగ మూడోది ఉండాది చూడు..."

మూడోది తలచుకోగానే ఆయనకే నవ్వు ఆగలేదు. కళ్లద్దాలు తీసి పంచెతో కళ్లు తుడుచుకుంటూ, కడుపు పట్టుకొని మరీ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఆయనకూ తెలియదు, లూదియాకూ తెలియదు. అయినా కాసేపటికి ఆమెకూ నవ్వొచ్చింది.