చందుర్తి జెండాకి ఏ రంగు?

డెట్రాయిట్ నుంచి షికాగోకి రైల్లో వెళ్ళదలచినవారికి ముందుగా ఒక మాట. జనవరిలో వెళ్ళకండి. తప్పనిసరైతే రెండు స్వెట్టర్లు, ఫ్లాస్కులో కాఫీ, ఒక పులిహోర పొట్లం దగ్గర ఉంచుకోండి. నాలాగా సూట్‌కేసు నిండా సీసం మాత్రం పెట్టుకోకండి.

శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ భారతి మేముండే ట్రాయ్ నుంచి నన్ను కార్లో స్టేషన్‌కి తీసుకొచ్చింది. రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది. డ్రైవ్ చేసుకుని వెళ్తానంటే తను ఒప్పుకోలేదు. విమానమంటే నాకే ధైర్యం చాలలేదు. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే మిషన్లో తుపాకులు పట్టుకున్న నలభైమంది సీసపు మనుషులూ, ఒక ఏనుగూ కనబడితే, ఇది మా గోదావరి జిల్లాలో రెండొందల యాభై ఏళ్ళ కిందటి యుద్ధమండీ అని ఎవరికి నచ్చజెప్పగలను?

"ఇంతకీ ఎందుకు వెళ్తున్నట్టు?" అంది భారతి కారు ఆపి.

"గురువుగారు అన్నీ పూర్తి చేసేశారట."

"పూర్తిచేస్తే సంతోషించాలి గానీ మొహం అలా పెట్టారేంటండీ?"

మొహం అలా పెట్టడానికి కారణం చెప్పాలంటే మా సరదా సంగతి చెప్పాలి. అంగుళం ఎత్తు సీసపు సిపాయిలను ఇంగ్లండు నుంచి పోస్టులో తెప్పించుకుంటాం. ఒక్కొక్కడికి కోటూ, బొత్తాలూ, మీసమూ రంగులు వేస్తాం. టేబుల్ మీద ఒక పాత యుద్ధరంగాన్ని పరిచి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఆ యుద్ధాన్ని మళ్ళీ ఆడతాం. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళ ఆటే ఇది, నవ్వకండి.

గురువుగారంటే షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండే కామేశ్వరరావుగారు. వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయనది పిఠాపురం, మాది సామర్లకోట. ఒక హోటల్ హాల్లో జరిగిన బొమ్మల యుద్ధాల మేళాలో కలిశాం. అన్ని వందలమంది తెల్లవాళ్ళ మధ్య మేమిద్దరమే గోధుమరంగు మనుషులం. మాటల్లో మా రెండు ఊళ్ళకీ దగ్గర్లో ఉన్న చందుర్తి వచ్చింది. అక్కడ ఇంగ్లీషు కంపెనీవాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నారు. విజయనగరం రాజుగారి సైన్యం కంపెనీ పక్షాన వచ్చింది, తుపాకులు పేలగానే ఒక పల్లంలోకి దిగి దాక్కుంది. తెల్లవాళ్ళ రెండు సైన్యాలూ ఆయన తయారు చేయాలని, దాక్కున్న సైన్యం నేను తయారు చేయాలని ఆ రోజే పంచుకున్నాం. ఇప్పటికి ఐదేళ్ళు దాటింది.

ఈ సరదాలో ఉన్నవాళ్ళెవరూ దేన్నీ పూర్తిచేయరు. సగం సైన్యం అయ్యేసరికి ఇంకో యుద్ధం మీదకి మనసు పోతుంది. గురువుగారి బేస్‌మెంట్‌లో పానిపట్టు ఉంది, గుర్రాలకి రంగు లేదు. రాక్షస తంగడి ఉంది, ఒక పక్షమే ఉంది. ట్రాయ్‌లో నేను రంగులు కొనే షాపు ముసలాయనైతే, "నా గరాజ్‌లో ఉన్న సీసానికంతా రంగు వేసేదాకా చావడానికి నాకు తీరికెక్కడిది?" అని వచ్చినవాళ్ళందరితోనూ అంటాడు. అందరం నవ్వుతాం.

అలాంటిది, మంగళవారం గురువుగారు ఫోన్ చేశారు. "చందుర్తి అయిపోయిందోయ్. పానిపట్టు గుర్రాలూ అయిపోయాయి. తంగడి మిగతా సగం ఎవరికో ఇచ్చేశా. నువ్వు వీకెండ్‌కి వచ్చెయ్, ఆడేద్దాం." ఆ గొంతులో సంతోషం లేదు. ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించేవాడి గొంతులా ఉంది. 

రైలు బయల్దేరడమే గంట ఆలస్యం. పెట్టెలో హీటర్ ఒక పక్కే పనిచేస్తోంది, కాబట్టి ఎక్కగానే చెయ్యి పెట్టి చూసుకుని సీటు ఎంచుకోండి. ఆన్ ఆర్బర్‌లో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. నా సూట్‌కేసు కాలికి తగిలి, "ఏముంది నాయనా ఇందులో, రాళ్ళా?" అంది. సైన్యం అన్నాను. మూత తీసి చూపిస్తే ఏనుగుని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయింది. వీటికి రంగు ఎప్పుడు వేస్తావని అడిగింది.

"ఎప్పుడూ వేయం. అందుకే భయంగా ఉంది. మా స్నేహితుడు ఉన్నట్టుండి అన్నీ వేసేశాడు," అన్నాను.

 ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. ఏనుగుని నా చేతికిచ్చి, "ఊరికే అనుకోవద్దు. కొందరు పెద్ద ఆపరేషన్‌కి వచ్చేముందు ఇంట్లో సొరుగులన్నీ సర్దేసి వస్తారు. నేను చూశాను," అంది. వాళ్ళకి తర్వాత ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు. బ్యాటిల్ క్రీక్ దగ్గర ఫ్యాక్టరీల నుంచి వేయించిన కార్న్‌ఫ్లేక్స్ వాసన పెట్టెలోకి వస్తుంది, అక్కడ ఎవరికైనా ఆకలేస్తుంది. నేను పులిహోర పొట్లం విప్పి మళ్ళీ కట్టేశాను. ఆవిడ కలమజూలో దిగిపోతూ నా భుజం తట్టింది. ఆ తట్టడంతో భయం ఇంకాస్త పెరిగింది.

షికాగోలో గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి, మర్చిపోకండి. నేపర్‌విల్‌కి రెండంతస్తుల లోకల్ రైలు అదే స్టేషన్ నుంచి దొరుకుతుంది. టికెట్ రైల్లోనే కొనుక్కోవచ్చు. దిగేసరికి చీకటి పడుతోంది. ప్లాట్‌ఫారం మీద గురువుగారు లేరు. ఎప్పుడూ ఆయనే వచ్చేవారు. ఆయన భార్య సరళక్క కోటు కాలరు మెడచుట్టూ లాక్కుని నిలబడి ఉంది. 

"ఆయన బానే ఉన్నారు తమ్ముడూ, కంగారు పడకు," అంది ముందుగా. కార్లో కూర్చున్నాక చెప్పింది. గుండెకి వెళ్ళే రక్తనాళాలు మూడు మూసుకుపోయాయి, సోమవారం పొద్దున బైపాస్ ఆపరేషన్. "నీకు ఫోన్‌లో చెప్పొద్దన్నారు. డాక్టర్ డేట్ ఇచ్చిన రోజు నుంచి ఆఫీస్‌కి లీవు పెట్టి రాత్రీ పగలూ బేస్‌మెంట్‌లో కూర్చుని అవే. నాతో మాటల్లేవు. ఇన్సూరెన్స్ పేపర్లు ఎక్కడున్నాయో చూపించారు, బొమ్మలకి రంగులేశారు, అంతే." సిగ్నల్ దగ్గర కారాపి నా వైపు తిరిగింది. "నీ వాటికి పెయింట్ అయిందా?"

"ఒక్కదానికీ కాలేదక్కా."

"మంచిపని చేశావు," అంది. ఇన్నేళ్ళలో నా బద్ధకాన్ని మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర గురువుగారు ఆపరేషన్ ఊసెత్తలేదు. శనివారం కాఫీలయ్యాక నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళారు. మెట్ల మధ్యలో ఆగి, రెయిలింగు పట్టుకుని, బల్బు బాగా వెలుగుతోందా అని అడిగారు. బల్బు శుభ్రంగా వెలుగుతోంది. ఆయనకి ఊపిరి అందడం లేదు.

కింద చందుర్తి ఉంది. ఇంత అందమైన టేబుల్ నేను ఏ మేళాలోనూ చూడలేదు. ఎర్రకోట్ల సిపాయిలు, తెల్లకోట్ల ఫ్రెంచివాళ్ళు, ఫిరంగులు లాగే ఎద్దులు, వాటి మెడల్లో పూసలు కూడా. కంపెనీవాళ్ళు ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను వెనక మాటువేశారని చదివి ఆ చేను కూడా వేశారు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టాని ముక్కలుగా కోసి, పచ్చరంగు కొట్టి నిలబెట్టారు. పైనుంచి సరళక్క, "కొత్త పట్టాయే అది!" అని కేకేసింది. ఒక మూల చెరువు పల్లం ఖాళీగా ఉంది. అది నా సైన్యం దాక్కునే చోటు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ అందులోకి దిగి దాక్కోవాలనిపించింది.

ఆయన ఇంట్లో ఒక నియమం ఉంది. రంగు వేయని బొమ్మ టేబుల్ ఎక్కకూడదు. మొహమాటానికైనా సడలించరు. నా సూట్‌కేసు తెరిచి చూసి తల కొట్టుకుని, "ఐదేళ్ళలో ఒక్కడికి పంచె కట్టలేకపోయావురా! పద, డైనింగ్ టేబుల్ మీద కూర్చుందాం. రేపు మధ్యాహ్నానికి ఫినిష్ చేసి ఆడేద్దాం," అన్నారు.

రోజంతా వేశాం. రాజుగారి మనుషులకి యూనిఫారం లేదు కాబట్టి ఒంటికి గోధుమరంగు, నడుముకి తెలుపు, తలకి ఏదో ఒక పాగా. నేను ఒకణ్ణి చేసేలోపు ఆయన ఐదుగుర్ని చేస్తున్నారు. నేను కావాలని నెమ్మదిగా వేస్తున్నానని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఆరబెట్టిన బొమ్మల వరుస పెరిగేకొద్దీ నేను బ్రష్షు కడగడానికి ఇంకాస్త ఎక్కువసేపు తీసుకుంటున్నాను. ఈ మనిషికి ఇంక మిగిలిన పని ఇదొక్కటే, అది కూడా నేనే సూట్‌కేసులో పెట్టి తెచ్చి ఇచ్చాను.

"ఆడేశాక మొత్తం సెట్టు నువ్వు ప్యాక్ చేసుకుని తీసుకుపో. సరళకి వీటిని ఎవరికివ్వాలో తెలీదు," అన్నారు, తల ఎత్తకుండానే.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సరళక్క విందన్నమాట. నాకు ఏడుపొచ్చింది, దగ్గు నటించి బాత్రూంలోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆదివారం పొద్దున మిగిలింది రాజుగారి ఏనుగు మీది జెండా ఒక్కటే. కాగితపు ముక్కని జిగురుతో కర్రకి చుట్టారు. బ్రష్షు తడిపి, "జెండా ఏ రంగోయ్? నేను వెతికిన ఏ పుస్తకంలోనూ లేదు. రాజుగారి డిపార్ట్‌మెంట్ నీది," అన్నారు.

నాకు తెలియదు. తెలియదు అనబోయాను. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాకు తెలుసు. మా చినమావయ్య విజయనగరంలో కనుక్కుని చెప్పాడు."

"మరింకేం, చెప్పు."

"ఇప్పుడు చెప్పను. శుక్రవారం ఫోన్ చేయండి, చెప్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. "సోమవారం నా ఛాతీ కోస్తున్నార్రా! శుక్రవారమేంటి?"

"అందుకే శుక్రవారం. అప్పటికి ఐసీయూ నుంచి రూమ్‌లోకి మారుస్తారటగా, మంచం పక్కన ఫోన్ ఉంటుంది."

"ఏదో ఒక రంగు కొట్టేస్తాను పో."

"కొట్టండి. తప్పైతే మీకే నిద్రపట్టదు."

ఆయన బ్రష్షు జెండా దాకా తీసుకెళ్ళి ఆపారు.  కోప్పడతారేమో, కింద పడిపోతారేమో, ఈ దిక్కుమాలిన అబద్ధంతో నేనే ఆయన గుండె ఆపేస్తానేమో అని కుర్చీలోంచి సగం లేచాను. చివరికి బ్రష్షుని నీళ్ళ గ్లాసులో పడేశారు. రంగు వేయని జెండాతో ఏనుగు టేబుల్ ఎక్కకూడదు. ఏనుగు లేనిదే రాజుగారి సైన్యం కదలదు. నియమం ఆయనదే.

"నాకు భయంగా ఉందోయ్," అన్నారు గురువుగారు, ఏనుగు వైపు చూస్తూ.

"నాకూ భయంగానే ఉందండీ," అన్నాను.

సరళక్క వంటింట్లోంచి వచ్చి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళిద్దర్నీ అలా వదిలి నేను కిందికి వెళ్ళి, నలభైమందినీ పల్లంలో సర్ది, టేబుల్ మీద పాత దుప్పటి కప్పి వచ్చాను.

స్టేషన్లో దింపేటప్పుడు సరళక్క అడిగింది, "నిజంగా నీకు తెలుసా తమ్ముడూ?"

"తెలీదక్కా."

"ఆయనకి చెప్పన్లే," అంది.

ఇది తిరుగు రైల్లో కూర్చుని రాస్తున్నాను. బయట మంచు తప్ప ఏమీ లేదు. హీటరున్న పక్కే సీటు దొరికింది. నా సూట్‌కేసు పైన పెట్టడానికి సాయం పట్టిన ఒకాయన, అది తేలిగ్గా పైకి లేచిపోయేసరికి, "ఖాళీ పెట్టె మోసుకుపోతున్నావా?" అన్నాడు. అందులో ఉన్నవి ఒక ఫ్రెండ్ దగ్గర వదిలి వచ్చానని, ఆయనకి ఇంకా పని ఉందని చెప్పాను.

రైలు ఫర్వాలేదు, ఆలస్యమైనా చేరుస్తుంది. ఎరుపని చెప్పాలా, పసుపని చెప్పాలా అని ఇప్పటిదాకా ఆలోచించాను. ఏది చెప్పినా గురువుగారు నమ్మరు. ఆధారమేంటంటారు, మా చినమావయ్యని తిడతారు, నన్ను తిడతారు, ఫోన్ పెట్టేసి మళ్ళీ చేసి తిడతారు. శుక్రవారం ఆయన చేత తిట్లు తింటే చాలు, నాకింకేమీ అక్కర్లేదు.